సూపర్‌వైజరూ అయిదు మెట్లూ

నవంబరు 4, మంగళవారం

పొద్దున్నే సూపర్‌వైజర్ మెట్ల పైన నిలబడి, వాటిని ఎవరో రాత్రికి రాత్రే కట్టి వెళ్ళినట్టు చూశాడు.

ఉన్నవి అయిదే మెట్లు. ఇంటి గుమ్మం నుంచి కింద వర్క్‌షాపులోకి. ఆరున్నరకి నాన్న తాళాల గుత్తి తీస్తే చాలు, ఆ గలగలకి వాడు అయిదూ దిగిపోయి షట్టరు ముందు నిలబడి ఉండాలి. షట్టరు లేచి వెలుతురు పడగానే ఒక్కో బల్ల దగ్గరా ఆగి, నిన్నటి పని చూసి, నచ్చనట్టు మొహం పెట్టి, తన మూలలో రంపంపొట్టు మీద పడుకోవాలి. పన్నెండేళ్ళుగా ఇదే డ్యూటీ. మా కుక్కకి ఆ పేరు మా వడ్రంగి షాపులో పాలిష్ పట్టే పాలిష్ మామయ్య ఊరికే పెట్టలేదు.

ఈరోజు గుత్తి మోగింది. వాడు తోక ఊపాడు. ముందు కాలు మొదటి మెట్టు మీద పెట్టాడు, తీశాడు. మళ్ళీ పెట్టాడు, తీశాడు.

“ఏంట్రా, సెలవు పెట్టావా?” అన్నాడు నాన్న.

చివరికి నాన్నే ఎత్తుకుని దించాడు. దించుతుంటే వాడు కుయ్యిమన్నాడు. అప్పుడు నాన్న మొహం చూశాను. సగం చేసిన తలుపులో చీలిక కనిపించినప్పుడు పెట్టే మొహం.

రేపు డాక్టరమ్మ దగ్గరికి.

నవంబరు 5, బుధవారం

కీళ్ళవాతం. వెనక తుంటి కీళ్ళు రెండూ, ముందు ఎడమ మోచెయ్యి. డాక్టరమ్మ ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూపించింది. నున్నగా ఉండాల్సిన ఎముక అంచులు కొవ్వొత్తి కారి గడ్డకట్టినట్టు ఉన్నాయి. (ఈ పోలిక నాదే. బాగుంది. ఇలాంటి సంగతికి పోలిక కుదిరిందని మురిసిపోవడం మాత్రం బాగాలేదు.)

“ఎప్పటి నుంచి?” అని అడిగింది.

“నిన్నటి నుంచే” అన్నాను.

“నిన్న మీరు చూశారు. వాడికి ఏడాది నుంచైనా ఉండి ఉంటుంది. వీళ్ళు చెప్పరమ్మా, దాచుకుంటారు.”

ఏడాది! సోఫా ఎక్కడం మానేస్తే బుద్ధొచ్చిందనుకున్నాం. బంతి విసిరితే కదలకపోతే పెద్దరికం అనుకున్నాం. మేము నవ్వుకున్నవన్నీ నొప్పులేనా?

డాక్టరమ్మ ఆరు విషయాలు చెప్పింది. నాలుగు కిలోల బరువు తగ్గాలి. మెట్లు వద్దు. జారే నేల వద్దు. ఒకేసారి దూరం కాకుండా, కొంచెం కొంచెంగా రోజుకి మూడుసార్లు నడవాలి. వెచ్చటి పక్క ఉండాలి, పొద్దున లేవగానే కీళ్ళకి కాపడం పెట్టాలి. ఇవి అయిదు. ఆరోది రాయనవసరం లేదు, గుర్తుంటుంది.

పరీక్షకి రక్తం తీసుకుంది. రిపోర్టు బాగుంటేనే నొప్పి మందు మొదలుపెడుతుందట. వచ్చే గురువారం రమ్మంది.

తిరిగి వస్తూ నాన్న అన్నాడు: “నెలాఖరు దాకా చూద్దాం.”

“ఆ తర్వాత?”

“అప్పటికీ ఇలాగే ఉంటే వాణ్ణి బాధ నుంచి తప్పిద్దాం. చూస్తూ కూర్చునే హక్కు మనకి లేదమ్మలూ.”

తప్పిద్దాం. చంపిద్దాం అనే మాటకి ఇస్త్రీ చొక్కా తొడిగాడు. నాన్నకి కోపం లేదు, విసుగూ లేదు. అదే నాకు భయం. కోపంగా అంటే పోట్లాడొచ్చు.

అయినా పోట్లాడాను. ఒప్పుకోను అన్నాను. నాన్న నా తల మీద చెయ్యి వేసి, “నిన్ను ఒప్పుకోమని ఎవరడిగారు?” అన్నాడు.

నవంబరు 6, గురువారం

కాలేజీ కోసం ఇంటి మాటలు ఏరి రాసే పుస్తకం మొదలుపెట్టాక నాకు నాయనమ్మ పెద్ద మాటల గని అని తెలిసింది. ఆవిడ మోకాళ్ళు కూడా అరిగిపోయాయి. నొప్పి ఎలా ఉంటుందని అడిగితే చెప్పుకుపోయింది.

“దిగేప్పుడు కలుక్కుమంటుంది. ఎక్కేప్పుడు పీకుతుంది. కూర్చుని లేస్తే పట్టేస్తుంది. పడుకున్నాక సలుపుతుంది చూడు, దాంతో మాత్రం వేగలేం. మబ్బు పట్టిందంటే తీపులు. ఏమే, నా నొప్పులకి పరీక్ష పెడతారా మీ కాలేజీలో?”

కలుక్కు, పీకు, పట్టు, సలుపు, తీపు. అయిదు మెట్లకి అయిదు మాటలు. సూపర్‌వైజర్‌కి ఒక్కటీ లేదు. వాడి తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి. నేను మాట్లాడతాను.

బిస్కెట్లు ఆపేశాం. నాయనమ్మ దొంగతనంగా ఒకటి పెట్టబోతే పట్టుకున్నాను. “సగమేనే” అంది. సగం కూడా కుదరదన్నాను.

నవంబరు 7, శుక్రవారం

ఒప్పుకోను.

నవంబరు 8, శనివారం

నాన్న రెండు రోజుల్లో వాలుబల్ల చేసేశాడు! మెట్ల మీద నుంచి వర్క్‌షాపు మధ్యదాకా వస్తుంది. పది అడుగుల పొడవు. దానికి చోటు కావాలని ఒక పనిబల్లని గోడకి నిలబెట్టేశాడు. నెలాఖరు అన్న మనిషే టేకు చెక్కతో చేశాడు. అంటే ఏమిటి అర్థం? ఆయనకీ ఆశ ఉందని. ఇది రాసి పెట్టుకుంటున్నాను, వాదనలో పనికొస్తుంది.

మా షాపులో ఒక నియమం ఉంది. పాలిష్ పడని వస్తువు గుమ్మం దాటదు. పాలిష్ మామయ్య మూడు కోటింగులు వేశాడు. “మొహం చూసుకోవచ్చు అమ్మడూ!” అన్నాడు. చూసుకున్నాను. నిజమే.

రేపటికి ఆరుతుంది.

నవంబరు 9, ఆదివారం

జారాడు.

మూడు అడుగులు బాగానే వేశాడు. మేమందరం కింద నిలబడి రారా రారా అంటున్నాం. నాలుగో అడుగుకి వెనక కాళ్ళు రెండూ రెండు పక్కలకి విడిపోయాయి. పొట్ట మీద జారుకుంటూ వచ్చి నాన్న కాళ్ళ దగ్గర పడ్డాడు. అరవలేదు. లేవడానికి ప్రయత్నించి, లేవలేక, మేము చూడకూడదన్నట్టు తల పక్కకి తిప్పుకున్నాడు.

జారే నేల వద్దని నా చేత్తో నేనే రాసుకున్నాను. నాన్న విన్నాడు. మామయ్యకి నేనే చదివి వినిపించాను. అయినా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. పాలిష్ అంటే మా ఇంట్లో మంచి పని అని అర్థం. అది జారుతుందని అర్థం కాదు.

నాన్న వాలుబల్ల ఎత్తి గోడకి చేరేశాడు. ఒక్కటే మాట అన్నాడు: “మనం చేసేవన్నీ వాడికి హింసే అవుతున్నాయి.”

గురువారం దాకా మందు లేదు. నెలాఖరుకి ముందే నాన్న మనసు మార్చుకునేలా ఉన్నాడు. ఏదో ఒకటి చెయ్యాలి.

లెక్క: అరవై కిలోలకి ఒకటి. ఇరవై కిలోలకి ఎంత?

ఎందుకు వేశానో రాయను.

నవంబరు 10, సోమవారం

నడిచాడు! తనంతట తనే లేచాడు! పక్కనున్న సైకిల్ షాపు దాకా వెళ్ళి, అక్కడి పిల్లిని పలకరించి, కుంటుతూనే అయినా తోక జెండాలా ఎత్తుకుని వచ్చాడు.

“చూశావా?” అన్నాను నాన్నతో.

“కాపడం బాగా పనిచేస్తున్నట్టుంది” అన్నాడు.

“ఊఁ” అన్నాను.

కాపడం మంచిదే. కాపడం పెట్టాను. అది అబద్ధం కాదు.

నవంబరు 11, మంగళవారం

ఈరోజూ నడిచాడు. తిండి సగం వదిలేశాడు, కానీ బరువు తగ్గాలి కాబట్టి అదీ మంచికే.

నాయనమ్మ మాత్రల డబ్బా ముందేసుకుని కూర్చుంది. మోకాళ్ళ మాత్రలు రెండు తక్కువున్నాయట. మూడుసార్లు లెక్కపెట్టింది.

“వేసుకుని మర్చిపోయి ఉంటావమ్మా” అన్నాడు నాన్న. “రోజూ సాయంత్రం ఎవరో ఒకరం గుర్తు చేస్తాంలే.”

“నేను మర్చిపోతానా?” అంది నాయనమ్మ. మొదట గట్టిగా. తర్వాత నావైపు తిరిగి, మెల్లగా, “నేను మర్చిపోతున్నానా?” అంది.

నాయనమ్మకి ఈమధ్య కొంచెం మతిమరుపు. పెద్దవయసు కదా.

నవంబరు 12, బుధవారం

పొద్దున వాంతి చేసుకున్నాడు. దొడ్డికి తారులా నల్లగా వెళ్ళాడు. నిలబెడితే కూలిపోతున్నాడు. నాన్న వాణ్ణి సోఫా గుడ్డలో చుట్టి ఎత్తుకున్నాడు. నేను వెనకాల పరిగెత్తాను.

డాక్టరమ్మ చిగుళ్ళు చూసింది. తెల్లగా ఉన్నాయి.

“ఇంట్లో ఎవరైనా మనుషుల నొప్పి మాత్ర వేశారా?”

“లేదండీ” అన్నాడు నాన్న. అంతలో గుర్తొచ్చి, “మా అమ్మ మాత్రలు రెండు కనిపించడం లేదు. పెద్దావిడ, మతిమరుపు. కింద పడేసి ఉంటే వీడు తిన్నాడేమో” అన్నాడు.

డాక్టరమ్మ తల ఊపింది. “అయ్యుండొచ్చు. రెండూ ఒకేసారి తిన్నాడా? ఎన్ని గంటలైంది? అది తెలియాలి. దాన్నిబట్టే నేను చెయ్యగలిగింది.”

నాకు ఒక తలుపు తెరిచి పెట్టారు. నాయనమ్మ మీదుగా నడిచి వెళ్ళిపోతే చాలు. ఎవరికీ తెలియదు. నేను ఆ తలుపు దాకా వెళ్ళాను కూడా.  బల్ల మీద వాడి పొట్ట ఎగసిపడుతోంది.

“పూటకి మూడోవంతు. ఆదివారం నుంచి. ఆరు పూటలు. నేనే వేశాను” అన్నాను.

నాన్న నావైపు తిరగలేదు. చేతిలో ఉన్న గుడ్డని మడతపెట్టడం మొదలుపెట్టాడు. అంచుకి అంచు కలిపి, నాలుగు మడతలు.

“మూడోవంతు ఎవరు చెప్పారు?” అంది డాక్టరమ్మ.

“లెక్క వేశాను. బరువునిబట్టి.”

“లెక్క సరిగ్గానే వేశావు. కుక్క కడుపు మనిషి కడుపుకి చిన్న సైజు కాదు. మనకి నొప్పి తగ్గించేది వీళ్ళకి పేగుల్లో పుండు చేస్తుంది. మొన్న నీకు చెప్పానా, లేదా?”

చెప్పింది. అదే ఆరో విషయం. ఇంట్లో ఉన్న మందు ఏదీ, చిటికెడంతైనా వెయ్యొద్దని. గుర్తుంటుందని కాదు నేను రాయనిది. రాస్తే కట్టుబడాలి. ఆ రోజే, డాక్టరమ్మ నోట్లోంచి మాట పూర్తవక ముందే, నాయనమ్మ డబ్బా నా కళ్ళలో మెదిలింది.

నిన్నటి పేజీలో రాసింది కూడా అబద్ధం. ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి కోసం అబద్ధం రాశాను?

నవంబరు 13, గురువారం

సెలైన్ ఎక్కుతోంది. రిపోర్టు వచ్చింది. కాలేయం, మూత్రపిండాలు రెండూ బాగున్నాయట. నేను వేలు పెట్టకపోతే ఈరోజే అసలు మందు మొదలయ్యేది.

నాన్న మాట్లాడటం లేదు.

నవంబరు 14, శుక్రవారం

వాడు ఇంటికొచ్చాడు. బతికాడు. ఆ మాట ఇంకోసారి రాస్తాను. బతికాడు.

పుండు మానేదాకా, అంటే పది రోజులు, బలమైన నొప్పి మందు ఇవ్వకూడదట. చిన్న రకం ఒకటి ఇచ్చింది. దాంతో పెద్దగా తగ్గదని ముందే చెప్పింది. నేను తొందరపడి మిగిల్చింది ఇది: వాడికి ఇంకో పది రోజుల సలుపు.

ఒక కార్డు కూడా ఇచ్చింది. రోజుకో గడి. తిన్నాడా, తనంతట లేచాడా, నడిచాడా, మనుషులొస్తే తోక ఊపాడా, నిద్రపోయాడా. ఈ అయిదింటిలో మూడుకి తగ్గకుండా చేస్తే టిక్కు, లేకపోతే ఇంటూ. “నెలాఖరున మీ ఇద్దరిలో ఎవరి మొండితనం గెలిచిందని కాదు, ఏవి ఎక్కువున్నాయో చూడండి” అంది.

కార్డు కోసం చెయ్యి చాచాను. నాన్న ఇవ్వలేదు.

“నాయనమ్మ పెడుతుంది గుర్తులు” అన్నాడు. రెండు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట అది.

నాయనమ్మ దగ్గరికి వెళ్ళాను. సారీ అంటే సరిపోతుందా అని దారిలో మాటలు వెతుక్కున్నాను. 

“రెండు రోజులు” అంది నాయనమ్మ. “మీ నాన్న నిజం చెప్పేదాకా, రెండు రోజులు ఎక్కాలు అప్పజెప్పుకున్నానే నేను. రెండో ఎక్కం నుంచి పన్నెండు దాకా. పదమూడో ఎక్కం దగ్గర తడబడితే, అయిపోయింది, నా బుర్ర పోయింది అని ఏడ్చాను. పదమూడో ఎక్కం నాకు చిన్నప్పుడూ రాదు. అదీ మర్చిపోయాను, భయంలో.”

నవ్వు రాలేదు నాకు. ఆవిడా నవ్వలేదు.

“కుక్క మీద ప్రేమ ఉంటే సరా? నామీద లేదా?”



నవంబరు 15, శనివారం

పొద్దున్నే గరుకు కాగితం తీసుకుని వాలుబల్ల మీద పడ్డాను. అన్నిటికంటే ముతక రకం. పాలిష్ తెల్లగా లేస్తుంటే పాలిష్ మామయ్య గుండె పట్టుకున్నాడు.

“అమ్మడూ! మూడు కోటింగులు! ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, ఈ షాపులోదే అంటే!”

“అనుకోనీ మామయ్యా. ఎలుక కొరికిందని చెప్పు.”

గంటసేపు రుద్దాను. అరచెయ్యి కందిపోయింది. నాన్న వచ్చి నా వెనక నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. నేను ఆపలేదు. ఇంకా గట్టిగా రుద్దాను.

“ఇలా ఎంత గీకినా గోళ్ళు నిలబడవు” అన్నాడు. వెళ్ళి సన్నటి చెక్కపట్టీలు తెచ్చాడు. జానెడు దూరానికి ఒకటి, అడ్డంగా కొట్టాలి. నేను పట్టుకున్నాను, ఆయన మేకు కొట్టాడు. మధ్యలో మాటలేమీ లేవు. “ఇటు”, “ఊఁ”, “జరుపు”. అంతే. పైన గోనెపట్టా పరిచాం. పన్నెండేళ్ళలో మా షాపులో తయారైన అతి వికారమైన వస్తువు అది.

మా షాపు కుర్చీలకి సీట్లు కుట్టేది మా అమ్మ. మిగిలిన నవారు పట్టీతో వాడి పొట్ట కిందకి ఒక బెల్టు కుట్టింది, పైన పట్టుకోవడానికి పిడి పెట్టి. “సంచిలా ఉన్నాడు” అంది వాడికి తొడిగి. ఉన్నాడు.

దిగాడు. రెండు నిమిషాలు పట్టింది. జారలేదు.

సాయంత్రం నాయనమ్మ ఇంటూ పెట్టింది.

“దిగాడు కదా!” అన్నాను.

“నువ్వు ఎత్తిపట్టుకుంటే దిగాడు. తిన్నాడా? లేచాడా? ఇంటూ.”

నవంబరు 16, ఆదివారం

ఇంటూ. మబ్బు పట్టింది. తీపులు అంది నాయనమ్మ, వాడి గురించో తన గురించో.

నవంబరు 17, సోమవారం

ఇంటూ. నడిపిద్దామని బెల్టు పట్టుకుని లాగాను. వాడు నా చెయ్యి కొరకబోయి, పళ్ళు ఆనగానే ఆగిపోయి, అక్కడే నాకాడు. నాన్న చూశాడు. ఏమీ అనలేదు. అనకపోతే నాకు వినిపించదా?

అయినా సరే. ఒప్పుకోను.

నవంబరు 19, బుధవారం

టిక్కు! మొదటిది! నాయనమ్మ పెన్సిలు పట్టుకుని నన్ను ఉడికిస్తూ అయిదు ప్రశ్నలూ పైకి చదివి మరీ పెట్టింది.

నేను ఒకటి కనిపెట్టాను. ఇన్నాళ్ళూ నేను వాణ్ణి లాగుతున్నాను. వాడు ఎంత నడవగలడో చూడటం లేదు, నాకు ఎంత కావాలో చూస్తున్నాను. ఈరోజు బెల్టు వదులుగా పట్టుకుని, వాడు ఆగిన చోట ఆగాను. పన్నెండు అడుగులు నడిచి ఆగాడు. నిలబడ్డాం. సైకిల్ షాపాయన “ఏమ్మా, బస్సు కోసమా?” అన్నాడు. అవునన్నాను. తర్వాత వాడే ఇంకో ఎనిమిది అడుగులు వేశాడు.

నవంబరు 21, శుక్రవారం

నిన్న టిక్కు, ఈరోజు టిక్కు. బరువు కిలోన్నర తగ్గాడు.

ఇప్పుడు నాకు వాడి భాష కొంచెం వస్తోంది. చెవులు వెనక్కి పెడితే కలుక్కు. పెదాలు నాక్కుంటే సలుపు. నడుస్తూ నడుస్తూ నేల వాసన చూస్తున్నట్టు నటించాడంటే అలసిపోయాడని, ఒప్పుకోవడం ఇష్టం లేదని. అది మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నవంబరు 23, ఆదివారం

నిన్న ఇంటూ. ఈరోజు టిక్కు. పద్నాలుగో తేదీ నుంచి పది రోజులు. ఇంటూలు ఆరు, టిక్కులు నాలుగు.

నిన్నటిది టిక్కు చెయ్యమని నాయనమ్మని బతిమాలాను. రెండు నిజంగా చేశాడు, మూడోది దాదాపు చేశాడు.

“దాదాపుకి గడి లేదు” అంది. “ఒకసారి లెక్క తారుమారైతే ఏమైందో చూశావుగా. నేను దిద్దను.”

నాన్న అక్కడే ఉలికి పదును పెట్టుకుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

“నెలాఖరున ఇంటూలు ఎక్కువుంటే?” అన్నాను.

“నీకు తెలుసు.”

“తక్కువుంటే?”

ఉలి పక్కన పెట్టాడు. “తక్కువుంటే ఇంకో కార్డు తెద్దాం. ఆపైన ఇంకోటి. వాడు ఎన్ని నింపితే అన్ని.”

“నేను చెప్తే వినవుగా.”

“కార్డు చెప్తే వింటా. నువ్వు చెప్తే ఇంకొన్నాళ్ళు వినను.” ఆ మాట అని, ఉలి మళ్ళీ చేతిలోకి తీసుకుని, “అబద్ధం చెప్పినందుకు కాదు. వాడి కోసమే చేశావు, తెలుసు. నాయనమ్మ మీదికి పోనిచ్చావు చూడు, అందుకు” అన్నాడు.

సరే. ఇది నేను సంపాదించుకున్నదే. నమ్మకం మళ్ళీ సంపాదించుకోవాల్సిందీ నేనే. కానీ ఒకటి రాసుకుంటున్నాను: ఆయన ‘నెలాఖరు’ అన్నప్పుడు గొంతు మొదటి రోజులా లేదు.

రేపటి నుంచి అసలు మందు. పది రోజులైంది, డాక్టరమ్మ సరేనంది. ముప్పయ్యో తేదీ దాకా ఏడు గడులున్నాయి. పదిహేడు గడుల్లో తొమ్మిది టిక్కులు కావాలి. అంటే ఏడింటిలో అయిదు.

నాకు భయంగా ఉంది. రాశాను, కొట్టెయ్యను.

రేపు పొద్దున ఆరుకి లేస్తాను. వేడినీళ్ళలో పిండిన గుడ్డతో తుంటికి పది నిమిషాలు, మోచెయ్యికి అయిదు. తిండి పెట్టాక డాక్టరమ్మ రాసిన మాత్ర, రాసినంతే, నాన్న ఎదురుగా. ఆరున్నరకి నాన్న గుత్తి తీస్తాడు. నేను బెల్టు పట్టుకుంటాను, ఎత్తను. వాలుబల్ల చివర నాయనమ్మ కుర్చీ వేసుకుని కార్డుతో కూర్చుంటానంది. వాడు మధ్యలో ఆగితే ఆగుతాం, ఎంతసేపైనా. కూలబడితే ఇంటూ పెట్టమని నేనే చెప్తాను. చెప్పి, వాడి పక్కనే నేల మీద కూర్చుని, మళ్ళీ లేచేదాకా చూసి, మళ్ళీ మొదటి అడుగు వేయిస్తాను.